పెద్ద పనిని ఎటు కోయాలి?

హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా, విశాఖ రుషికొండలోనైనా, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనైనా పొద్దున్నే జరిగే స్టాండప్‌లో తరచూ వినపడే మాట ఒకటుంది: ‘‘నిన్న ఆ టికెట్ మీదే ఉన్నాను, ఇవాళ కూడా దాని మీదే.’’ మర్నాడూ అదే మాట. అలా చెప్పేవాళ్లేమీ సోమరులు కారు. రాత్రి తొమ్మిదింటికి కూడా ల్యాప్‌టాప్ ముందే కనపడతారు. బోర్డు నిండా టికెట్లుంటాయి, సగానికి పైగా ‘ఇన్ ప్రోగ్రెస్’ గడిలోనే ఉంటాయి. నెలాఖరుకు డెమో పెట్టమంటే మాత్రం చూపించడానికి ఒక్క పనీ పూర్తయి ఉండదు.

దీనికి మనం చెప్పుకునే కారణాలు ఎప్పుడూ మూడే. మనుషులు చాలరు, గడువు చాలదు, క్లయింటు రోజుకో మాట మారుస్తాడు. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే వాటి జోలికి పోకముందే చూసుకోవాల్సింది ఒకటుంది: పెద్ద పనిని ముక్కలు చేసినప్పుడు కోత ఎటు పడింది? పనిచేసేవాళ్ల విభాగాల వెంబడి పడిందా, వాడుకునేవాళ్ల అవసరాల వెంబడి పడిందా? ఎపిక్, స్టోరీ, సబ్‌టాస్క్ అంటూ ఎన్ని మెట్లు పెట్టుకున్నా, ఈ కోత తప్పితే అవి టికెట్ల సంఖ్యను పెంచుతాయే తప్ప పనిని ముందుకు జరపవు.

మూడు మెట్లు, మూడు ప్రశ్నలు

ఊరికే సూత్రాలు చెప్పుకుంటే గాలిలో తేలిపోతాం. ఒక ఊహా ప్రాజెక్టు తీసుకుందాం. ఒక డెయిరీకి గ్రామాల్లో పాల సేకరణ కేంద్రాలున్నాయి. రైతులు రెండు పూటలా వచ్చి పాలు పోస్తారు. కేంద్రంలో పాలు కొలిచి, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతం, చూస్తారు. ఈ రెండింటిని బట్టి రేటు చార్టులో ధర ఉంటుంది. పదిహేను రోజులకోసారి బిల్లు ఇస్తారు. ఇప్పటిదాకా పుస్తకాల్లో నడిచిన ఈ లెక్కనంతా సాఫ్ట్‌వేర్‌లోకి తేవాలి. టీమ్‌లో ఏడుగురు, చేతిలో ఆరు నెలలు.

పై మెట్టు ఎపిక్. అది ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు. ‘పాలు పోసిన రైతుకు పదిహేను రోజులు తిరిగేసరికి సరైన బిల్లు డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి’ అన్నది ఎపిక్. అది ఒక స్ప్రింట్‌లో, అంటే టీమ్ ముందే పెట్టుకున్న కొద్ది వారాల పని విడతలో, తేలదు, నాలుగైదు పట్టవచ్చు. డెయిరీ తరఫున నిర్ణయం తీసుకునే మనిషికి, అంటే ప్రోడక్ట్ ఓనర్‌కు, దాని మీద హక్కు.

నడి మెట్టు స్టోరీ. అది ‘ఎవరికి ఏం దక్కుతుంది?’ అన్నదానికి జవాబు. ‘రైతు పాలు పోసిన వెంటనే లీటర్లు, వెన్న శాతం, ధర ఉన్న ఎస్సెమ్మెస్ ఆయన ఫోన్‌కు రావాలి’ అన్నది స్టోరీ. ఒక స్ప్రింట్‌లో మొదలై ఆ స్ప్రింట్‌లోనే ముగియాలి. దాని బాధ్యత మొత్తం టీమ్‌ది.

కింది మెట్టు సబ్‌టాస్క్. అది ‘ఎలా?’ అన్నదానికి జవాబు. ఎస్సెమ్మెస్ పంపే కోడ్ రాయడం, రైతు ఫోన్ నంబరు తప్పుగా ఉంటే ఏం చేయాలో చూడటం, పరీక్షించడం ఇందులోకి వస్తాయి. ఒక్కొక్కటీ ఒక్కరి చేతిలో ఉంటుంది, కొన్ని గంటల్లోనో ఒక రోజులోనో తేలుతుంది. డెయిరీ మేనేజరుకు వీటితో పని లేదు, ఆయనకు చెప్పనూ అక్కర్లేదు.

అట్లాసియన్ కంపెనీ 2002లో తెచ్చిన టికెట్ల సాఫ్ట్‌వేర్ జిరాలో మామూలుగా ఈ మూడు మెట్లే ఉంటాయి. నడి మెట్టులో స్టోరీ పక్కనే టాస్క్, బగ్ ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ డెవాప్స్‌లో ఎపిక్‌కూ స్టోరీకీ మధ్య ఫీచర్ అనే మెట్టు అదనం. స్ప్రింట్‌లతో పనిచేసే స్క్రమ్ పద్ధతిని వివరించే 2020 నాటి స్క్రమ్ గైడ్ చూస్తే అందులో ఎపిక్ లేదు, స్టోరీ లేదు, ‘ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్ ఐటమ్’ అన్న మాటే ఉంది. కాబట్టి ఇది ఎపిక్కా ఫీచరా అంటూ మీటింగుల్లో గంటలు గడపడం దండగ. ఈ ముక్క పై మూడు ప్రశ్నల్లో దేనికి జవాబిస్తోందో చూసుకుంటే చాలు. ఏ ప్రశ్నకూ జవాబివ్వని టికెట్ దేనికోసం ఉందో ముందు తేల్చుకోవాలి.

రెండు పాత పాఠాలు

పనిని ముక్కలు చేసే విద్య సాఫ్ట్‌వేర్‌తో పుట్టింది కాదు. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం వాడిన ప్రణాళికా పద్ధతుల నుంచి అది ఎదిగింది. 1962లో అమెరికా రక్షణ శాఖ, నాసా కలిసి మార్గదర్శకాలిచ్చాయి. 1968లో అది సైనిక ప్రమాణంగా స్థిరపడింది. అదే వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్. ఆ సంప్రదాయం నేర్పే పాఠం ‘నూరు శాతం నియమం’. కింది ముక్కలన్నీ కలిపితే పై పని మొత్తం రావాలి, ఏదీ మిగలకూడదు, ఏదీ అదనంగా చేరకూడదు.

రెండో పాఠం పేరోల్ లెక్కల నుంచి వచ్చింది. అమెరికన్ కార్ల కంపెనీ క్రైస్లర్ తన జీతాల వ్యవస్థను కొత్తగా కట్టుకునే పనిలో పడింది. 1996లో కెంట్ బెక్ అనే ప్రోగ్రామర్ ఆ ప్రాజెక్టులోకి వచ్చాడు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అన్న పద్ధతీ, యూజర్ స్టోరీలూ అక్కడే రూపు దిద్దుకున్నాయి. మొత్తం సిబ్బంది జీతాలు సిద్ధమయ్యేదాకా ఆగకుండా, 1997లో సుమారు 10 వేల మందికి ఆ వ్యవస్థ జీతాలివ్వడం మొదలుపెట్టింది. అందరికీ విస్తరించకముందే 2000లో ప్రాజెక్టు ఆగిపోయింది. దాన్ని విజయమనాలా వైఫల్యమనాలా అన్న వాదన ఇప్పటికీ ఉంది. మనకు పనికొచ్చే సంగతి వేరు: అంతా పూర్తి కాకపోయినా, వాడకంలోకి వెళ్లిన ముక్క పనిచేసింది.

ఈ రెండు పాఠాలనూ వాటి వాటి మెట్లలోనే వాడాలి. స్టోరీ కింద సబ్‌టాస్కులకు నూరు శాతం నియమం అక్షరాలా వర్తిస్తుంది. సబ్‌టాస్కులన్నీ మూసేశాక కూడా స్టోరీ మిగిలిపోతే ఏదో రాయడం మరిచారన్నమాట. ఎపిక్‌కు రెండో పాఠం వర్తిస్తుంది. దాని కింద స్టోరీలన్నీ మొదటి రోజే రాయాలని కూర్చుంటే మాత్రం రెండు నెలలు రాతకే పోతాయి. రాబోయే రెండు మూడు స్ప్రింట్‌ల స్టోరీలు స్పష్టంగా ఉంటే చాలు. ఆపైవి ఒక్కో వాక్యంలో ఉండనివ్వండి.

అడ్డకోత, నిలువుకోత

ఇక అసలు సంగతి. మన పాల బిల్లు ప్రాజెక్టును చాలా టీమ్‌లు ఎలా కోస్తాయో చూడండి. డేటాబేస్ ఒక ఎపిక్, ఏపీఐలు ఒక ఎపిక్, మొబైల్ యాప్ ఒక ఎపిక్, టెస్టింగ్ ఒక ఎపిక్. పైకి ఇది చక్కగా కనపడుతుంది. ఎవరి పని వాళ్లకు పంచినట్టుంటుంది. మొదటి నెల టేబుళ్లు, రెండు మూడు నెలల్లో ఏపీఐలు, నాలుగో నెల యాప్, ఐదో నెల టెస్టింగ్. ఐదో నెలలో మొదటిసారి కేంద్రానికి వెళ్తారు. సాయంత్రం పూట అక్కడ నెట్ ఉండదని అప్పుడు తెలుస్తుంది. ఒకే రైతు గేదె పాలు ఒక క్యానులో, ఆవు పాలు ఇంకో క్యానులో తెస్తాడని అప్పుడు తెలుస్తుంది. ఈ రెండు సంగతులకూ టేబుళ్ల దగ్గర్నుంచి మార్చాలి. డేటాబేస్ ఎపిక్ మూడు నెలల కిందటే ‘డన్’ అయిపోయింది మరి!

ఇది అడ్డకోత. ఒక్కో పొరను విడదీసి కోశారు. ఏ పొరా ఒంటరిగా ఎవరికీ పనికిరాదు. టేబుళ్లు పూర్తయ్యాయని చెబితే రైతుకేం ఒరిగింది?

నిలువుకోత ఇలా ఉంటుంది. మొదటి స్టోరీ: ఒకే కేంద్రం, గేదె పాలు మాత్రమే, పొద్దుటి పూట మాత్రమే, ఒకే రేటు చార్టు. వెన్న శాతాన్ని కేంద్రంలోని మనిషి చేత్తో టైపు చేస్తాడు. తెర మీద ధర కనపడుతుంది, అంతే. ఎస్సెమ్మెస్ లేదు, బ్యాంకు లేదు, పాలను పరీక్షించే యంత్రంతో అనుసంధానం లేదు. ఈ చిన్న ముక్కలో కాస్త డేటాబేస్, కాస్త ఏపీఐ, ఒక తెర, కాస్త టెస్టింగ్ అన్నీ ఉన్నాయి. రెండు వారాల్లో అయిపోతుంది. ఆ కేంద్రంలో పుస్తకంతో పాటు దీన్నీ వాడి చూస్తారు. నెట్ ఉండదన్న సంగతి ఐదో నెలలో కాక మూడో వారంలోనే బయటపడుతుంది.

దీనికి అనుభవమున్న డెవలపర్లు ఒక అభ్యంతరం చెబుతారు. డేటాబేస్‌ను ముందే సమగ్రంగా డిజైన్ చేయకపోతే తర్వాత తిరగరాయాల్సి వస్తుంది కదా అని. న్యాయమైన అభ్యంతరమే. ఆలోచన మొత్తం పనికి చేయండి, బొమ్మ గీసుకోండి. కట్టడం మాత్రం ఇప్పటి స్టోరీకి కావలసినంతే కట్టండి. కొంత తిరగరాత తప్పదు. నాలుగు నెలల పనిని ఐదో నెలలో విప్పుకోవడం కంటే రెండు వారాల పనిని మూడో వారంలో సర్దుకోవడం చవక.

కొన్ని పనులు నిజంగానే అడ్డంగా ఉంటాయి. సర్వర్ ఏర్పాటు, లాగిన్ భద్రత, పాత పుస్తకాల లెక్కల్ని కొత్త వ్యవస్థలోకి ఎక్కించడం లాంటివి. వాటికి విడిగా టాస్క్ టికెట్లు రాసుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ టాస్క్ ఏ స్టోరీ కోసమో పక్కనే రాయండి. ఏ స్టోరీకీ అవసరం లేని పునాది పని కనపడితే దాన్ని వాయిదా వేయండి.

నిలువుకోత వల్ల ఇంకో లాభముంది. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో తన పుస్తకంలో చెప్పిన లెక్క ప్రకారం, ఏడుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 21 జతలవుతాయి, పది మందైతే 45. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక నిలువు ముక్కను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుంటే ఆ జతలు మూడుకు దిగుతాయి. మీటింగులు తగ్గాలంటే ముందు కోత మారాలి.

స్టోరీ పెద్దదైతే ఎలా విడగొట్టాలి?

‘‘ఇంతకంటే చిన్నది చేయలేం’’ అని టీమ్ అన్నప్పుడల్లా కింది దారులు ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఏదో ఒకటి పనిచేస్తుంది.

మామూలు దారి ముందు, మినహాయింపులు తర్వాత. రైతు వచ్చాడు, పాలు బాగున్నాయి, ధర కట్టారు. ఇది మొదటి స్టోరీ. పాలు విరిగాయి, తిప్పి పంపారు అన్నది రెండోది. తప్పుగా నమోదైన లీటర్లను మర్నాడు సరిదిద్దడం మూడోది.

నియమాల వెంబడి. మొదట వెన్న శాతాన్ని బట్టి మాత్రమే ధర. తర్వాత వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ కలిపి. ఆ తర్వాత సంవత్సరాంతపు బోనస్.

రకాల వెంబడి. ముందు గేదె పాలు, ఆ తర్వాత ఆవు పాలు. ముందు ఒక కేంద్రం, ఆ తర్వాత పది.

మనుషుల వెంబడి. పాలు కొలిచే వ్యక్తికి కావలసింది ఒకటి, రైతుకు కావలసింది ఒకటి, డెయిరీ అకౌంట్స్ వాళ్లకు కావలసింది ఇంకొకటి. ముగ్గురినీ ఒకే స్టోరీలో ఇరికిస్తే ముగ్గురికీ ఆలస్యమవుతుంది.

చేత్తో ముందు, యంత్రంతో తర్వాత. బ్యాంకుతో నేరుగా అనుసంధానం పెద్ద పని. మొదటి స్టోరీలో చెల్లింపుల ఫైల్ తయారైతే చాలు, అకౌంట్స్ వాళ్లు దాన్ని బ్యాంకు వెబ్‌సైట్‌లో తామే ఎక్కిస్తారు. రైతుకు డబ్బు సమయానికి పడుతుంది. అనుసంధానం తీరిగ్గా చేసుకోవచ్చు.

తెలియనిదాన్ని వేరుచేయడం. పరీక్ష యంత్రం నుంచి రీడింగ్ నేరుగా తీసుకోగలమో లేదో టీమ్‌లో ఎవరికీ తెలియదనుకోండి. దానికి అంచనా వేయమంటే ఎవరో ఒకరు గాలిలో అంకె చెబుతారు. అలా చెప్పించే బదులు రెండు రోజుల పరిశోధన టికెట్ పెట్టండి. దీన్నే స్పైక్ అంటారు. రెండు రోజులు తిరగ్గానే ‘వస్తుంది, రాదు, ఇంత పని’ అన్న జవాబు రావాలి. కోడ్ రాకపోయినా ఫరవాలేదు.

ఎక్కడ ఆపాలి?

ముక్కలు చేయడం అలవాటయ్యాక కొన్ని టీమ్‌లు ఆపలేవు. ‘ఫైల్ తెరవడం’, ‘మెయిల్ పంపడం’, ‘మీటింగ్‌కు వెళ్లడం’ దాకా టికెట్లు పుట్టుకొస్తాయి. ఒక మనిషి రోజులో గంట సేపు టికెట్లు మూయడానికే పోతే ఆ ముక్కలు టీమ్ కోసం కాక, పై అధికారి నిఘా కోసం ఉన్నట్టు.

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్‌లో పాత లెక్క ఒకటుంది: ఏ పని ముక్కా 8 గంటల కంటే తక్కువ, 80 గంటల కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే ఒక రోజు నుంచి రెండు వారాల దాకా. నడి మెట్టు పనులకు ఇది ఈనాటికీ పనికొస్తుంది. రెండు వారాల స్ప్రింట్ పెట్టుకున్న టీమ్‌కు పది పని దినాలుంటాయి. అందులో ఒక స్టోరీకి మూడు నాలుగు రోజులు మించకుండా చూసుకుంటే, ఏదైనా తేడా వచ్చినా సర్దుకోవడానికి సమయం మిగులుతుంది. సబ్‌టాస్క్ రోజుకు మించితే విడగొట్టండి. గంటలో అయ్యేదైతే టికెట్ లేకుండానే చేసేయండి.

స్టోరీ సైజు సరిపోయిందో లేదో చూడటానికి బిల్ వేక్ 2003లో ఆరు లక్షణాలు చెప్పాడు. వేరే స్టోరీ మీద ఆధారపడకుండా నిలబడాలి, వివరాల్లో బేరానికి చోటుండాలి, ఎవరికో ఒకరికి విలువ ఉండాలి, అంచనాకు అందాలి, చిన్నదిగా ఉండాలి, పరీక్షించగలిగేలా ఉండాలి. ఆరింటిలో ఎక్కువగా తప్పేవి మూడోది, ఆరోది. ఆ రెండూ చూసుకుంటే మిగిలినవి చాలావరకు వాటంతటవే కుదురుతాయి.

‘అయిపోయింది’ అంటే ఏమిటి?

టీమ్‌లో డెవలపర్‌కు ‘అయిపోయింది’ అంటే కోడ్ రాసేశానని. టెస్టర్‌కు బగ్‌లు లేవని. లీడ్‌కు రిలీజ్ అయిందని. డెయిరీ మేనేజరుకు రైతు ఫోన్‌లో మెసేజ్ పడిందని. నలుగురూ అబద్ధం చెప్పడం లేదు, నాలుగు వేర్వేరు విషయాలు చెబుతున్నారు. ‘90 శాతం అయిపోయింది’ అన్న మాట వారాల తరబడి అలాగే ఉండిపోవడానికి కారణం ఇదే. మిగిలిన పది శాతంలో ఏముందో ఎవరూ రాసుకోలేదు.

రెండు రాతలు దీన్ని తీరుస్తాయి. మొదటిది ప్రతి స్టోరీకీ విడిగా ఉండే ఆమోద షరతులు. ఎస్సెమ్మెస్ స్టోరీకైతే ఇలా: పాలు నమోదైన 2 నిమిషాల్లో మెసేజ్ రావాలి, అందులో లీటర్లు, వెన్న శాతం, ధర తెలుగులో ఉండాలి, ఫోన్ నంబరు లేని రైతుకు కాగితపు చీటీ ఇవ్వాలని కేంద్రం తెర మీద కనపడాలి. మూడు నుంచి ఐదు షరతులు చాలు. పది దాటాయంటే అది రెండు స్టోరీలన్నమాట. రెండోది స్టోరీలన్నింటికీ కలిపి ఒకే జాబితా: కోడ్ ఇంకొకరు చూడాలి, పరీక్షలు గట్టెక్కాలి, టెస్ట్ సర్వర్‌లో ఉండాలి. దీన్నే స్క్రమ్‌లో డెఫినిషన్ ఆఫ్ డన్ అంటారు. గోడ మీదో బోర్డు పైభాగంలోనో అందరికీ కనపడేచోట ఉంచండి.

రాన్ జెఫ్రీస్ 2001లో స్టోరీకి మూడు అంగాలు చెప్పాడు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. మన టీమ్‌లు మొదటిదాన్ని బాగా రాస్తాయి, మూడోదాన్ని కొంత రాస్తాయి, నడిమిదాన్ని మరిచిపోతాయి. టికెట్‌లో ఎంత వివరంగా రాసినా, దాన్ని చేసేవాళ్లూ చేయించుకునేవాళ్లూ పది నిమిషాలు మాట్లాడుకోకపోతే ఆ రాత సగం పనే చేస్తుంది.

పేరు పెట్టడం, ఎపిక్‌ను ముగించడం

టికెట్ పేరు చదవగానే అది ఎప్పుడు పూర్తవుతుందో తెలియాలి. ‘ఎస్సెమ్మెస్ మాడ్యూల్’ అన్న పేరుకు ముగింపు లేదు. ‘రైతుకు పాల వివరాల ఎస్సెమ్మెస్ వెళ్లాలి’ అన్నదానికి ఉంది. ‘బిల్లు మార్పులు’ అని రాస్తే ఆరు నెలల తర్వాత కూడా అందులో పని చేరుతూనే ఉంటుంది. ‘బిల్లులో పొద్దుటి పాలు, సాయంత్రం పాలు వేర్వేరు వరుసల్లో కనపడాలి’ అని రాస్తే శుక్రవారానికి మూసేయొచ్చు. పేరులో క్రియ ఉంటే చాలావరకు ముగింపు కూడా ఉంటుంది.

ఎపిక్‌లకు ఇది మరింత వర్తిస్తుంది. ‘మెరుగుదలలు’, ‘ఇతరాలు’, ‘ఫేజ్ 2’ లాంటి ఎపిక్‌లు ఏళ్ల తరబడి తెరిచే ఉంటాయి. ఎపిక్ తెరిచేటప్పుడే అందులో మూడు సంగతులు రాయండి. ఏ ఫలితం వస్తే ఇది ముగిసినట్టు? ఏ తేదీకి మళ్లీ కూర్చుని చూస్తాం? ఇందులో ఏది లేదు? ఈ మూడోదాన్నే ఎక్కువ మంది వదిలేస్తారు. ‘పశువుల బీమా, దాణా అప్పుల లెక్క ఈ ఎపిక్‌లో లేవు’ అని ముందే రాసి ఉంటే, నాలుగో నెలలో క్లయింటు అడిగినప్పుడు వాదన అక్కర్లేదు. ‘‘మంచి ఆలోచనండీ, దానికి వేరే ఎపిక్ పెడదాం’’ అంటే సరిపోతుంది.

ఎదురుచూపులు, పగలూ రాత్రీ

ప్రతి ముక్కా మన చేతిలో ఉండదు. వ్యాపార సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లకు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం, పంపేవారి పేరు, సందేశ నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదై ఉండాలి. కోడ్ రెండు రోజుల్లో అయిపోతుంది. నమోదు అయ్యేదాకా ఒక్క మెసేజ్ కూడా పోదు. ఇలాంటి బయటి ఎదురుచూపులను స్టోరీ లోపల సబ్‌టాస్క్‌గా దాచవద్దు. జిరాలో సబ్‌టాస్క్ ఎప్పుడూ తన స్టోరీతో పాటే స్ప్రింట్‌లో ఉంటుంది. ఆ ఒక్క నమోదు కోసం స్టోరీ మొత్తం స్ప్రింట్ దాటిపోతుంది. దాన్ని విడి టాస్క్‌గా, ఒక స్ప్రింట్ ముందే మొదలుపెట్టండి.

హైదరాబాద్, అమెరికా మధ్య నడిచే టీమ్‌లకు ఇంకో చిక్కు ఉంది. న్యూయార్క్‌తో మనకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. ఒక స్టోరీ ఇక్కడ సగం, అక్కడ సగం చేస్తే ప్రతి సందేహానికీ ఒక రోజు పోతుంది. వీలైనంతవరకు ఒక నిలువు ముక్క మొత్తం ఒకే ఊళ్లో ఉండనివ్వండి. తప్పనిసరిగా చేతులు మారాల్సి వస్తే అది సబ్‌టాస్క్ ముగింపు దగ్గర జరగాలి. దిగిపోయే ముందు టికెట్‌లో మూడు ముక్కలు రాయాలి: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, మీరు నిర్ణయించాల్సింది ఏమిటి.

సాఫ్ట్‌వేర్ కాని ఆఫీసుల్లో

బ్యాంకు శాఖ, అకౌంట్స్ విభాగం, కాలేజీ ఆఫీసు, ఎన్జీవో ఎక్కడైనా ఈ పద్ధతి పనికొస్తుంది. జిరా అక్కర్లేదు, ఎక్సెల్ షీటో గోడ మీద కాగితాలో చాలు. ఏడాది చివరి ఆడిట్‌నే తీసుకోండి. ఒకరు ఓచర్లన్నీ, ఒకరు బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ, ఒకరు జీఎస్టీ అంతా పంచుకుంటే చివరి వారందాకా ఒక్క నెల లెక్క కూడా తేలదు. ఏప్రిల్ నెలకు ఓచర్లు, బ్యాంకు, జీఎస్టీ మూడూ సరిచూసి ఆ నెలను మూసేయండి. తర్వాత మే. మొదటి నెలలోనే బయటపడిన తప్పు మిగతా పదకొండు నెలలకు పాఠమవుతుంది.

ఎవరితో ఏం మాట్లాడాలి?

కొత్తగా చేరినవాళ్లకు పెద్ద టికెట్ ఇచ్చినప్పుడు మౌనంగా తీసుకోవడం మన దగ్గర మర్యాద అనుకుంటారు. స్ప్రింట్ చివర ‘‘అవ్వలేదండీ’’ అనడం కంటే మొదటి రోజే ఇలా అడగడం మేలు: ‘‘మేడమ్, ఈ స్టోరీ ఒక్క స్ప్రింట్‌లో పట్టదనిపిస్తోంది. గేదె పాల ధర భాగం శుక్రవారం డెమోకు ఇవ్వగలను. ఆవు పాల చార్టును వేరే స్టోరీ చేద్దామా?’’ ఇది పని తప్పించుకోవడం కాదని ఏ మంచి లీడ్‌కైనా తెలుస్తుంది, ఎందుకంటే ఏం ఇవ్వగలరో తేదీతో సహా చెప్పారు.

లీడ్‌లకూ ఒక మాట. ‘‘ఎంత శాతం అయింది?’’ అని అడగడం మానండి. ‘‘ఇందులో ఏ షరతు ఇంకా మిగిలింది? నేనేమైనా అడ్డు తీయాలా?’’ అని అడగండి. శాతం అడిగితే ధైర్యం చాలక ఏదో అంకె చెబుతారు. షరతు అడిగితే ఉన్న సంగతి చెబుతారు. సబ్‌టాస్కులను మీరు రాసి చేతికివ్వవద్దు. ఎలా చేయాలో చేసేవాళ్లు రాసుకుంటేనే వాళ్లు మరిచిన సంగతులు వాళ్లకే తడతాయి. స్టోరీ ఎంత పెద్దదో అంచనా వేసే స్టోరీ పాయింట్లను మనుషుల పనితీరుకు కొలమానంగా ఎప్పుడూ వాడవద్దు. వాడిన మర్నాటి నుంచే ప్రతి 3 ఒక 5 అవుతుంది.

ఈ వారమే మొదలుపెట్టాలంటే

కొత్త పద్ధతి అంటూ శిక్షణలూ సర్టిఫికెట్లూ అక్కర్లేదు. ఒక గంట చాలు. టీమ్ అంతా కూర్చుని ‘ఇన్ ప్రోగ్రెస్’లో ఉన్న టికెట్లను ఒక్కొక్కటిగా చదవండి. ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది పూర్తయితే టీమ్ బయట ఎవరికి ఏం మారుతుంది? జవాబున్నవి స్టోరీలు. జవాబు లేకపోయినా ఏదో ఒక స్టోరీకి అవసరమైనవి ఆ స్టోరీ కిందికో, దాని పేరు రాసిన విడి టాస్క్‌గానో వెళ్లాలి. దేనికీ అవసరం లేనివి మూసేయాలి. మిగిలినవాటిలో స్ప్రింట్ దాటేవాటిని పైన చెప్పిన దారుల్లో విడగొట్టండి. ఒక్కొక్కరి చేతిలో ఒకటి, మహా అయితే రెండు టికెట్లు ఉంచి మిగతావి వెనక్కి పెట్టండి.

మొదటిసారి చేసినప్పుడు బోర్డు బోసిపోయినట్టు కనపడుతుంది, పై అధికారులు కంగారు పడవచ్చు. వాళ్లకు టికెట్ల లెక్క చూపించవద్దు. రెండు వారాలు తిరిగేసరికి పనిచేసే ముక్క ఒకటి, చిన్నదైనా సరే, వాడుకునే మనిషి చేతిలో పెట్టి చూపించండి. గడువు గురించీ మనుషుల సంఖ్య గురించీ ఆ తర్వాత మీరు చెప్పే మాటకు బలం వస్తుంది.